నిన్నటి నీళ్ళు

కోదండపాణికి ఐసుతో పొత్తు ఇవాళ్టిది కాదు. మీసం సరిగ్గా రాకముందే రాయపురంలో, చేపల రేవు పక్కనున్న ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. ఉప్పునీళ్ళ తొట్టిలోకి రేకు డబ్బాలు దించడం, గడ్డకట్టాక పైకి లాగడం, మామూలు నీళ్ళలో ఓసారి ముంచి గడ్డను జారవిడవడం, అదే పని. పదకొండేళ్ళు ఆ చలిలో నిలబడ్డవాడికి కంప్రెసరు చప్పుడు మారితే నిద్రలో కూడా మెలకువ వచ్చేది. ఆ చెవిని చూసే తరమణి వైపున్న ఒక ఇంజనీరింగు కాలేజీవాళ్ళు పిలిచి ల్యాబులో ఉద్యోగమిచ్చారు. చదివింది తొమ్మిదో తరగతి. దానికి ఆయన ఎన్నడూ సిగ్గుపడలేదు, మనమూ పడనక్కర్లేదు.

ఆ ల్యాబులో తయారయ్యేది కూడా ఐసే, కాకపోతే పెళ్ళిళ్ళకీ చేపలకీ పనికిరాని ఐసు. పిడికిలి మందం ఉక్కు గోడలతో బిందె పరిమాణంలో ఒక పాత్ర ఉంటుంది. దానికి ముందూ వెనకా చిన్న అద్దపు కిటికీలు. అందులో నూట ఇరవై మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత బిగించి, గ్యాసు ఎక్కించి, రెండు డిగ్రీల చలిలో పెడతారు. ఆ గ్యాసు చెత్తకుప్పల్లోంచి వచ్చేలాంటిది. సగం మీథేను, అంటే పొయ్యిలో మండేది. మిగతా సగం కార్బన్ డయాక్సైడు, అంటే ఎందుకూ కొరగానిది. ఈ రెంటినీ విడదీయాలి. చలికీ ఒత్తిడికీ నీళ్ళు గడ్డకట్టేటప్పుడు ఆ కొరగాని గ్యాసును ఎక్కువగా లోపల పట్టి ఉంచుకుంటాయి. మీథేను చాలావరకు పైన మిగిలిపోతుంది. ఆ గడ్డను హైడ్రేట్ అంటారు. వినడానికి ఇంత సులువే. గడ్డ కట్టదు, అదీ చిక్కు. నీళ్ళకు బుద్ధి పుట్టాలి. ఒకరోజు ఏడు గంటల్లో పుడుతుంది, ఒకరోజు పదకొండు గంటలు గడిచినా పుట్టదు.

కోదండపాణి ఇల్లు చింతాద్రిపేటలో, కూవం ఒడ్డు సందులో. తాతల నాటినుంచీ అక్కడే. ఇంటి నిండా తెలుగు మాట్లాడిన కుటుంబం క్రమంగా చెదిరిపోయి, చివరికి ఆయనా భార్య పుష్పవల్లీ మిగిలారు. పిల్లల్లేరు. నాలుగేళ్ళ కిందట పుష్పవల్లి కూడా వెళ్ళిపోయింది. ఎదురింటివాళ్ళూ తెలుగువాళ్ళే, కానీ ఈయన తెలుగులో పలకరిస్తే పెద్దా పిన్నా అందరూ తమిళంలోనే జవాబిస్తారు. తప్పేం కాదు, వాళ్ళ నోటికి అదే వాటం. పొద్దున పాలబూతులో తమిళం, రైలులో తమిళం, కాలేజీలో తమిళం, ఇంగ్లీషు. మాట్లాడేందుకు మనుషులు లేక కాదు ఆయన ఒంటరితనం. పుష్పవల్లితో మాట్లాడిన మాట మళ్ళీ వినబడక. ఆ సంగతి ఎవరితోనూ చెప్పుకోలేదు. ఎవరైనా వింటే నవ్వుతారని ఆయన భయం.

పుష్పవల్లి వదిలి వెళ్ళినవాటిలో రోజూ బతికున్నది ఒక్కటే, పెరుగు. చేమిరి వేసి పాలు తోడుపెట్టడం ఆవిడ పని. చివరి రోజు ఆసుపత్రికి బయలుదేరే ముందు కూడా తోడుపెట్టి వెళ్ళింది. ఆ పెరుగులోంచి ఒక చెంచా దాచి మర్నాడు పాలలో వేశాడు కోదండపాణి. దానిలోంచి మరో చెంచా. అలా నాలుగేళ్ళు. ఒక్కరోజూ కొట్టు పెరుగు కొనలేదు, తెగనివ్వలేదు.

రెండేళ్ళ కిందట రాశి వచ్చింది. అనకాపల్లి పిల్ల, పీహెచ్‌డీ చేయడానికి. మొదటిరోజు ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతూ ల్యాబులోకి అడుగుపెట్టింది. "లేదే అమ్మా, ఇక్కడ ఒక్కడికీ తెలుగు రాదు, నేనెలాగ బతకాలో ఏటో" అంటోంది. పాత్ర తుడుస్తున్న కోదండపాణి తల ఎత్తకుండానే, "నాకు వచ్చు పాపా. ఫోను పెట్టేసి ఈడ కూర్చో" అన్నాడు. ఆ పిల్ల అదిరిపడి, ఆ తరవాత పడీ పడీ నవ్వింది.

అప్పటినుంచి ఆయన రెండు డబ్బాలు తేవడం మొదలుపెట్టాడు. రెంటిలోనూ పెరుగన్నమే. "మీ పెరుగు పులుపెక్కదేంటి బాబాయ్?" అని ఆ పిల్ల డబ్బా అడుగు దాకా ఊడ్చేది. ఆటోవాళ్ళతో ఎట్ట మాట్లాడాలో, హాస్టలు వార్డెనును ఎట్ట బతిమాలాలో ఆయన తమిళం నేర్పేవాడు. తను చేసే పని ఏమిటో ఆ పిల్ల ఆయనకు తెలుగులో నేర్పేది.

"గడ్డలో నీటి అణువులు గదులు కట్టుకుంటాయి బాబాయ్. ఒక్కో గదిలో ఒక్క గ్యాసు అణువే ఉంటుంది. రెండోదానికి చోటు లేదు."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. పక్క గదిలోదానికి దీని గొడవే పట్టదు."

"మా సందు మాదిరే ఉండాది" అన్నాడు కోదండపాణి. రాశి నవ్వింది. ఆయన నవ్వలేదు.

మొదటి ఆరునెలలూ ఉత్త నీళ్ళతో చేశారు. ఉత్త నీళ్ళకు ఎంతసేపు పడుతుందో లెక్క తేలితే, తరవాత రాశి తెచ్చిన తెల్లపొడి కలిపి, ఆ పొడివల్ల ఎంత త్వరగా గడ్డకడుతుందో చూడాలి. ప్రొఫెసరు ప్రభాకరన్ గీసిన దారి అది. తొమ్మిదింటికి మొదలుపెడితే రాశి కిటికీకి కన్ను ఆనించి కూర్చునేది. టిఫినుకు వెళితే ఆ పది నిమిషాల్లో కడుతుందేమోనని వెళ్ళేది కాదు. ఉత్త నీళ్ళ చివరి పరీక్షలో సాయంత్రం ఆరైనా కట్టలేదు. ఒత్తిడి చూపే మీటరు ముళ్ళు కదల్లేదు, నీళ్ళు తేటగా ఆ పిల్లకేసి చూస్తున్నాయి. రాశి అద్దంమీద తల ఆనించి ఏడ్చింది. శబ్దం లేదు, భుజాలు మాత్రం కదిలాయి. కోదండపాణి చూడనట్టు గుడ్డ పిండాడు.

ఆ రాత్రి ఆయనకు అన్నం సయించలేదు.

ఆయనకొక సంగతి తెలుసు. అంతకుముందు రాశి జ్వరంతో సెలవు పెట్టినప్పుడు, వాల్వు సరిచూడ్డానికని పాత నీళ్ళను మార్చకుండా మళ్ళీ చలిలో పెట్టాడు. అరగంటలో గడ్డకట్టింది. ఒకసారి కట్టి కరిగిన నీళ్ళు రెండోసారి చప్పున కడతాయని కళ్ళారా చూశాడు. ఎవరూ అడగలేదు కనక చెప్పలేదు. పాలకు చేమిరి ఎట్టో నీళ్ళకూ అట్టే కాబోలు అనుకుని ఊరుకున్నాడు.

పొడి కలిపిన మొదటి పరీక్ష మర్నాడు. కడగడం, పోయడం ఆయన పని, రాయడం రాశి పని. మూడుసార్లు కడిగి, కొత్త ద్రావణం నూట ఇరవై కొలిచి పోయాలి. కోదండపాణి మూడుసార్లూ కడిగాడు. నూట పది పోశాడు. మిగతా పదీ నిన్నటి నీళ్ళు. ముందురోజు రాశి వెళ్ళాక, ఏడు దాటాక ఎట్టకేలకు గడ్డకట్టి కరిగితే, పారబోయకుండా ఖాళీ టానిక్కు సీసాలో పట్టి ఫ్రిజ్‌లో ఉంచినవి.

నలభై నిమిషాల్లో కిటికీ అద్దం తెల్లబడింది. ముల్లు దిగింది. రాశి కేక పెట్టింది. "బాబాయ్! పొడి పనిచేసింది!" ఆ పిల్ల ముఖం చూస్తే ఆయనకు కడుపు నిండిపోయింది. ఆ ఒక్క పూట ఆనందం కోసం చేసినపని. రెండోసారి చేయకపోతే మళ్ళీ ఏడుస్తుందే అని రెండోసారీ చేశాడు. మూడోసారికి అలవాటైపోయింది. ప్రతి పరీక్ష తరవాతా పది మిల్లీలీటర్లు సీసాలో పట్టి, ఫ్రిజ్‌లో మందుల వెనక పెట్టేవాడు. సీసా మీద తెలుగులో 'పాణి' అని రాసుకున్నాడు. ల్యాబులో ఆ అక్షరాలు చదవగలిగింది రాశి ఒక్కతే. ఆవిడ అది బాబాయి టానిక్కనుకుంది.

ఇరవై రెండు పరీక్షలు అలా నడిచాయి. రాశి సాయంత్రం వెలుతురుండగానే హాస్టలుకు వెళ్ళసాగింది. ముఖానికి కళ వచ్చింది. ప్రభాకరన్ గారు నలుగురికీ ఆ గ్రాఫు గీతలు చూపించి మురిసిపోయారు. బయటి ఊళ్ళనుంచి పెద్దలు వచ్చి వినే సెమినారు శుక్రవారానికి పెట్టారు. ఆ మర్నాడే వ్యాసం పత్రికకు పంపడం.

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రాశి ఆయన్ను స్టూలుమీద కూర్చోబెట్టింది. "మీరే ఆడియెన్సు. నిద్రపోకూడదు." తెరమీద ఒక్కో బొమ్మా చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పి, మళ్ళీ ఆయన కోసం తెలుగులో చెప్పింది. నాలుగో బొమ్మ దగ్గర ఆగింది. "ఇది ముఖ్యం బాబాయ్. ప్రతి పరీక్షకూ కొత్తగా కలిపిన నీళ్ళే వాడాం, ఒకసారి వాడినవి మళ్ళీ వాడలేదు అని."

"వాడితే ఏమవతాది?"

"వాడితే మొత్తం పోయినట్టే. ఒకసారి గడ్డకట్టిన నీళ్ళకు జ్ఞాపకం ఉంటుందంటారు. మళ్ళీ త్వరగా కట్టేస్తాయి. అప్పుడది పొడి గొప్పా, నీళ్ళ జ్ఞాపకమా, ఎవరు చెప్పగలరు? అందుకే కదా మీచేత మూడేసిసార్లు కడిగించేది!"

కోదండపాణికి చెవుల్లో కంప్రెసరు మోగినట్టయింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, కనీసం అక్కడ చేసినవాడికి కోతి కనబడుతుంది. ఈయనకు ఇన్నాళ్ళూ వినాయకుడే కనబడ్డాడు.

మంగళవారం చెప్పలేదు. బుధవారం చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందని తనను తనే అడిగాడు. సీసా బోర్లిస్తే సరి, ఎవరికీ తెలియదు. పిల్లకు పట్టా వస్తుంది. తను జూన్ నెలాఖరుకు రిటైరవుతాడు. ఏ ఊళ్ళోనో ఆ పొడిని నమ్మి ఎవరో చేస్తారు, వాళ్ళకు కట్టదు, పేరు చూస్తే రాశిది ఉంటుంది. మరి చెబితేనో? చెబితే ఆ పిల్ల ఇక తనతో మాట్లాడదు. నిజం చెప్పాలంటే ఆయన రెండురోజులు నోరు మూసుకున్నది రాశి చదువు గురించి బెంగతో కాదు. 'బాబాయ్' అనే పిలుపు పోతుందన్న భయంతో. అది తనకు తెలిసి ఆయన సిగ్గుపడ్డాడు. నోట్లో నాలుక లేదని పేరున్న మనిషికి బయటికి రాని ఆ మాటతో ఆ రెండురోజులూ నోరంతా నాలుకే అయింది.

గురువారం పొద్దున రాశి వచ్చేసరికి సీసా బల్లమీద ఉంది.

"ఏటిది బాబాయ్, ఒంట్లో బాలేదా?"

"అది మందు గాదు పాపా. నిన్నటి నీళ్ళు." ఆయన నిలబడే ఉన్నాడు. "నువ్వు ఏడస్తా ఉంటే చూళ్ళేక, కొత్తనీళ్ళల్లో పది మిల్లీ దీన్ని పోసినా. పాలకి చేమిరి ఏసినట్ట. తప్పని తెలవదు. సోమవారం నువ్వు చెప్పినాకే తెలిసింది."

రాశి సీసా వైపు చూసింది. లేబులు మీది రెండక్షరాలూ చదువుతున్నట్టు చాలాసేపు చూసింది.

"ఎన్నిటిలో?"

"అన్నిట్లో."

"ఇరవై రెండిట్లోనా?"

ఆయన తల ఊపాడు. రాశి తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని కూర్చుని, చాలా మెల్లగా అడిగింది. "నేను మీకేం అన్యాయం చేశానండీ?"

ఆ 'అండీ'తోనే అయిపోయింది. రాశి సీసా తీసుకుని ప్రభాకరన్ గారి గదికి వెళ్ళింది.

సెమినారు ఆగిపోయింది. ప్రభాకరన్ గారు మర్యాదస్తుడు, కేకలేయలేదు. తమిళంలో, "మీమీద కోపం లేదు పాణీ. కానీ ఆ పాత్ర దగ్గరికి మిమ్మల్ని పంపలేను. రిటైరయ్యేదాకా కింద స్టోరులో ఉండండి" అన్నారు. న్యాయమే. కోదండపాణి తాళాలు బల్లమీద పెట్టి మెట్లు దిగాడు.

స్టోరు నేలంతస్తులో చివరి గది. పగిలిన గాజుసామాను, పాత మోటార్లు, ఒక కుర్చీ, ఒక ఫ్యాను. రోజుకు ఇద్దరో ముగ్గురో వచ్చి సంతకం పెట్టి ఏదో పట్టుకుపోతారు. మొదటివారమంతా ఆయన అలవాటుకొద్దీ రెండు డబ్బాలు తెచ్చాడు. రెండోది సాయంత్రం అలాగే ఇంటికి మోసుకుపోయాడు. తరవాత ఒకటే తెచ్చుకున్నాడు. పైఅంతస్తులో కంప్రెసరు ఆన్ అయిన సంగతి పైకప్పులోంచి తెలిసేది. తొమ్మిదింటికి మొదలయ్యేది. సాయంత్రం ఆయన ఇంటికి బయలుదేరేటప్పుడు కూడా ఆగేది కాదు. అంటే ఇంకా కట్టలేదన్నమాట. ఆ పిల్ల టిఫిను తిన్నదో లేదో అనుకుంటూ రైలెక్కేవాడు.

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. రెండుసార్లు వరండాలో రాశి ఎదురుపడింది. తల వంచుకుని పోయింది. సన్నబడింది. పిలుద్దామనుకున్నాడు. ఏ ముఖం పెట్టుకుని పిలుస్తాడు?

మే నడిమధ్యలో, ఒకరోజు పదకొండింటికి రాశి స్టోరు గుమ్మంలో నిలబడింది. చేతిలో నోటుబుక్కు ఉంది. ఆయన లేచి కుర్చీ ఆవిడవైపు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"ఎవ్వళవు ఊత్తినీంగ?" అంది.

ఎంత పోశారు, అని. తమిళంలో. ఆయన నేర్పిన తమిళమే. ఎక్కడా తడబాటు లేదు. కోదండపాణి ఒక్క క్షణం వేరే ఎవరితోనో మాట్లాడుతోందేమోనని వెనక్కి చూశాడు.

ఆవిడ తమిళంలోనే వివరం చెప్పింది. ఏమీ దాచలేదు. కొత్తనీళ్ళతో అన్నీ మళ్ళీ చేసింది. పొడివల్ల పైసా ఉపయోగం లేదు. తొమ్మిది గంటలు, పది గంటలు, ఉత్తనీళ్ళలాగే. ఇప్పుడు ప్రభాకరన్ గారు పొడి వదిలేసి పాతనీళ్ళ సంగతే పట్టుకోమన్నారు. పాతనీళ్ళకు జ్ఞాపకం ఉంటుందని అందరూ అంటారు, కానీ ఇంత తక్కువ కలిపి ఇంత వరసగా చేసినవాళ్ళు తమకు కనబడలేదన్నారు. అందుకని ఆయన ఏం చేశాడో అచ్చంగా కావాలి. ఒక్క పొల్లు కూడా తప్పకుండా.

ఆవిడ తమిళంలో అడిగింది, ఆయన తమిళంలో చెప్పాడు. సీసా ఫ్రిజ్‌లో ఏ అరలో పెట్టాడు, బయట ఎంతసేపు ఉంచాడు, ముందు ఏది పోశాడు, కలిపాడా లేదా. ఆవిడ రాసుకుంది. చివరికి, ఆ నీళ్ళు ఎన్నాళ్ళు ఉంచితే పనిచేస్తాయి, అంది.

ఆయన ఆలోచించాడు. ఒకసారి వరసగా సెలవులొచ్చి సీసా నాలుగురోజులు ఉండిపోయింది. ఆ వారం రెండున్నర గంటలు పట్టింది. ఇంకోసారి కరెంటు పోయి ఫ్రిజ్ వేడెక్కితే అసలు పనిచేయలేదు. మధ్యాహ్నం రెండైనా కట్టలేదు. అదే చెప్పాడు. రెండురోజులు బాగా, నాలుగురోజులు కొంచెం, వేడి తగిలితే మరచిపోతాయి.

మరచిపోతాయి, అని రాశి రాసుకుంది. నోటుబుక్కు మూసింది. తేదీలు వేసిన కాగితంమీద సంతకం అడిగితే ఆయన పెట్టాడు. ఆవిడ గుమ్మందాకా వెళ్ళి ఆగింది. వెనక్కి తిరగలేదు.

"మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు, పాణి గారూ" అంది, తెలుగులో.

మెచ్చుకుందో, నిష్ఠూరమాడిందో ఆయనకు అర్థం కాలేదు. "నాకు తెలిసి ఉండేది గదమ్మా" అన్నాడు. మాట ఆవిడ చెవిన పడిందో లేదో తెలియదు. అప్పటికే మెట్లమీద చెప్పుల చప్పుడు వినబడుతోంది.

సాయంత్రం రైలులో సీటు దొరికినా ఆయన కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడి ఆ ఒక్క వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. అందులో 'బాబాయ్' లేదు. 'పాణి గారూ' ఉంది. అయినా తెలుగే. రెండున్నర నెలల తరవాత ఒకరు తనతో మాట్లాడిన తెలుగు. మందవెల్లి, మైలాపూరు, తిరువల్లిక్కేణి దాటాయి. దిగేసరికి ఆ మాటలోని గొంతు కొంచెం కొంచెం ఆరిపోసాగింది.

ఇంట్లో దీపం వేసి, పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా పక్కన కూర్చున్నాడు. వేలు ముంచి చూశాడు. ఇంకా వేడిగా ఉన్నాయి. వేడి తగిలితే మరచిపోతాయని పొద్దున తనే చెప్పాడు. తొందరపడకుండా ఇంకో పావుగంట ఆగాడు. తరవాత గిన్నెలోంచి నిన్నటి పెరుగు ఒక చెంచా తీసి పాలలో వేసి, పుష్పవల్లి తిప్పినట్టే మూడుసార్లు తిప్పి, మూతపెట్టాడు.

"చేమిరి ఏసినా పుష్పా" అని పైకే అన్నాడు. గదిలో ఎవరూ లేరు. తరవాత, రాశి అన్న ఆ ఒక్క తెలుగు వాక్యం కూడా పుష్పవల్లికి చెప్పాడు, ఒక్క అక్షరం పోకుండా.